పక్క మగ్గం చప్పుడు

ప్రొద్దుటూరు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. స్నేహితుడి కథ వారపత్రికలో అచ్చయిన రోజు నుంచి కలం కదలడం లేదని రాశావు. అతని కోసం మనస్ఫూర్తిగా సంతోషించలేకపోయినందుకు సిగ్గుగా ఉందని కూడా రాశావు. ఆ రెండో మాట దాచుకోకుండా చెప్పావు కనుకనే నీకు ఇంత వివరంగా రాయాలనిపించింది.

1954లో లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతే చెప్పాడు. తన శక్తి ఎంతో తేల్చుకోవడానికి వేరే కొలత లేనప్పుడు మనిషి తోటివారితో పోల్చుకుంటాడు, అదీ తనకు దగ్గరగా ఉన్నవారితోనే. మహాకవి పుట్టపర్తి నారాయణాచార్యులుగారు మా ప్రొద్దుటూరులోనే జీవించారు. ఆయన పాండిత్యం నీకు నిద్ర పట్టకుండా చేయలేదు. పక్క బెంచీ కుర్రవాడి కథ చేసింది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు నేనూ నా మిత్రుడూ కరవు మీద చెరొక కథ రాశాం. పగిలిన నేలలు, ఎండిన పెన్న అంటూ నేను పన్నెండు పేజీలు నింపాను. అతనివి నాలుగే పేజీలు. ఒక తల్లి బియ్యం కడిగిన నీళ్లతోనే ఆకుకూర కడుగుతుంది. వాటిని కుడితి తొట్టిలో పోయబోతూ ఆగి, ఒక్క దోసెడు తులసి మొదట్లో పోస్తుంది. గేదె ఆమె చేతివంకే చూస్తుంటుంది. కరవు అన్న మాట కథలో ఎక్కడా లేదు. ఆ రాత్రంతా అసూయతో రగిలిపోయాను. తెల్లవారాక ఆ కథను నా చేత్తో పూర్తిగా ఎత్తిరాశాను. అతను ఆ తల్లిని దగ్గరగా చూశాడని, నేను కరవును పత్రికల్లో చదివి రాశానని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఏడాదిపాటు అచ్చం అతనిలాగే రాశాను. అది అతనే పట్టుకున్నాడు. "ఇవన్నీ మా అమ్మ మాటలు. మీ నాన్న మగ్గం ఏది?" అని అడిగాడు. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు. పక్కింటి మగ్గంలో పేక నూలు తీసుకెళ్లే నాడె ఆడే చప్పుడు వినిపిస్తే ఆయన చేయి కూడా ఊపందుకునేది. కళ్లు మాత్రం తన పడుగు దారాల మీదే ఉండేవి. మిత్రుడు అలా అడిగాకే, కండెలు చుట్టే మా అమ్మ వేళ్లు నా కథల్లోకి వచ్చాయి.

1968లో కడప నుంచి 'సంవేదన' పత్రిక తెచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారి విమర్శకు మొహమాటం తెలియదు. అటువంటి మాట పడే చోటు ఉండటం వల్లనే మన సీమ కథ పదునెక్కిందని నా నమ్మకం. ఎప్పుడూ మెచ్చుకునే నలుగురి మధ్య హాయిగా ఉంటుంది, రాత మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

బహుమతులనూ అచ్చయిన తేదీలనూ పక్కన పెట్టు. ఈ ఆదివారం అతని ఇంటికి వెళ్లు. కథ బాగుందని ఊరికే అనకు, ఏ వాక్యం దగ్గర ఆగిపోయావో చూపించి చెప్పు. అచ్చుకాని నీ కథ అతని చేతిలో పెట్టు. వచ్చే నెల కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వస్తాను. ఇద్దరూ రండి. అతను గీతలు పెట్టిన ప్రతిని మరచిపోకుండా తీసుకురా.