ఆర్మీలో దేవుణ్ణి నమ్మనివాళ్ల గతేంటి?

"సైనికులకి భక్తి ఎక్కువంటారు, నిజమేనా? నమ్మకం లేనివాళ్లు అక్కడ ఎలా నెగ్గుకొస్తారు?" అని అడిగారు.

మద్రాస్ రెజిమెంట్‌లో 17 ఏళ్లు చేసి పెన్షన్ వచ్చినవాణ్ణి. నమ్మకం లేనివాణ్ణే. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు, మందిర్ పెరేడ్ (అందరం కలిసి యూనిట్ గుడికి వెళ్లడం) ఎగ్గొట్టిన ఒక్క రోజు తప్ప. ఆ రోజు తిట్టింది కూడా పెరేడ్ ఎగ్గొట్టినందుకే, దేవుడి కోసం కాదు. ఆదివారం బట్టలుతుక్కుందామంటే ఫాలిన్, అంటే వరసలో నిలబడాలి! పండిత్‌జీ హిందీలో చెప్తుంటే సగం మందిమి కునుకు తీసేవాళ్లం. చివర్లో వచ్చే హల్వాకి మాత్రం అన్ని మతాలవాళ్లూ భక్తులే. అన్నట్టు పండిత్, మౌలవీ, గ్రంథీ, పాద్రీ కూడా యూనిఫామ్ వాళ్లే, నాయబ్ సుబేదార్లు.

తన రెజిమెంట్ గుడిలో గర్భగుడిలోకి రానన్న క్రైస్తవ లెఫ్టినెంట్‌ని 2021లో తీసేశారు, 2025లో సుప్రీంకోర్టూ కల్పించుకోలేదు. దాని మీద టీవీల్లో రెండు పక్షాలూ గొంతు చించుకున్నాయి. వాళ్లలో ఒక్కడైనా ఫాలిన్‌లో నిలబడ్డాడా? నన్నడిగితే, జవాన్లు వెళ్లే చోటికి ఆఫీసర్ వెళ్లాలి, అంతే. అలాగని మతం జోలికి వెళ్తే ఫౌజు ఊరుకోదు. 1806లో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడింది నుదుటి బొట్టు, గడ్డం మీద ఆంక్షలు పెట్టి, కొత్త టోపీ నెత్తిన రుద్దినందుకే. మా రెజిమెంట్ నినాదంలోనైతే ఏ దేవుడూ లేడు: "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు". కొట్టు, చంపు. నాకు హాయిగా ఉండేది.

సియాచిన్ బేస్ క్యాంప్‌లో ఓపీ బాబా గుడి ఉంది. ఓంప్రకాశ్ అనే జవాను 1980ల్లో ఒంటరిగా పోస్టు కాపాడాడని చెప్పుకుంటారు. గ్లేసియర్ ఎక్కే ప్రతి పార్టీ బాబాకి రిపోర్ట్ ఇవ్వాల్సిందే. మా సుబేదార్ సాబ్ మెళ్లో సిలువ వేసుకునే మనిషి. బాబా ముందు సావధాన్‌లో నిలబడి, సెల్యూట్ కొట్టి, ఎంతమందిమి వెళ్తున్నామో లెక్క అప్పజెప్పారు.

పైన మా హట్‌లో బాబా ఫోటోకి దీపం పెట్టేది నాయక్ ర్యాంకు జవాను ఒకడు, ముస్లిం. మనవైపువాడే, అన్నా అని పిలిచేవాణ్ణి. నూనె గడ్డకట్టేది కాబట్టి కిరోసిన్ పోసి, రైఫిల్ తుడిచే చిందీని చింపి వత్తి చేసేవాడు. మసికి బాబా మొహం కనపడకపోతే గ్లవ్ తియ్యకుండానే మోచేత్తో తుడిచేవాడు. "కిరోసిన్ దండగ కదన్నా" అంటే "నీ వాటా ఏం తగ్గిందిరా" అనేవాడు.

ఒకసారి మంచు తుపానులో నలుగురు కిందినుంచి రావాలి. చీకటి పడింది. రేడియోలో గరగర తప్ప మాట లేదు. అన్న తాడు చివర కాపలా కాస్తున్నాడు, దీపం కొడిగట్టింది. నేనే చిందీ చింపి వత్తి వేశాను. నమ్మి కాదు, చేతులు ఊరుకోక. రెండు గంటలకి నలుగురూ వచ్చారు, రాగానే చాయ్ అడిగారు. దీన్ని మహిమ అని వాట్సాప్‌లో తిప్పకండి దయచేసి. తాడు పట్టుకుని వచ్చారు, అంతే.

అన్న లోపలికొచ్చి వత్తి చూశాడు. "ఇంత లావు వేస్తే పొగ రాదూ?" అన్నాడు.

మూడు నెలలకి దిగి మళ్లీ బాబా ముందు నిలబడ్డాం. సుబేదార్ సాబ్ అదే లెక్క చెప్పారు, ఒక్కడు కూడా తగ్గలేదు. సెల్యూట్ నేనూ కొట్టాను.