తోక లేని గబ్బిలం, 24 ఏళ్ళు డ్రాయర్లో

ప్రశ్న: మేడమ్, మ్యూజియంలో డ్రాయర్ల నిండా ఎండిపోయిన గబ్బిలాలు, ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ. ఎప్పటివో పాతవి, ఇంకా ఎందుకు దాచడం?
— డిగ్రీ స్టూడెంట్

జవాబు: తమ్ముడూ, ఆ చీటీలే అసలు ఆస్తి. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు పట్టారు అన్నది అందులోనే ఉంటుంది, అది పోతే మిగిలేది ఉత్త తోలు, ఎముకలే.

ఒక్క గబ్బిలం సంగతి చెప్తాను. 1948లో తమిళనాడు తేని వైపు హై వేవీ కొండల్లో యాంగస్ హట్టన్ అనే ప్లాంటర్ ఒకదాన్ని పట్టి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి ఇచ్చాడు, వాళ్ళేమో మన తాటిచెట్లకి వేలాడే మామూలు పండ్ల గబ్బిలమే అనుకుని ఆ పేరే రాసి పెట్టేశారు. అలా 24 ఏళ్ళు ఉండిపోయింది! 1972లో థాయ్‌లాండ్ సైంటిస్ట్ కిట్టి థోంగ్‌లోంగ్యా మళ్ళీ చూస్తే దీనికి బయటికి తోకే లేదు, మామూలుదానికి చిన్న తోక ఉంటుంది, చెవుల అంచున తెల్ల గీత ఉంటుంది, దీనికి అదీ లేదు, పళ్ళు కూడా వేరే. కొత్త జాతి మాత్రమే కాదు, ప్రజాతే (దగ్గరి జాతులు కలిసిన గుంపు) కొత్తది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు మీద లాటిడెన్స్ సలీమాలీ అని పెట్టారు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతది. చీటీ మీద ఊరు ఉంది కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది, 1993లో ఆ కొండల్లోనే బతికున్నవి మళ్ళీ దొరికాయి. ఇప్పుడు దానికి వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 రక్షణ, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ, ఉంది.

ఈసారి వెళ్తే ఒక చీటీ నిదానంగా చదువు తమ్ముడూ.