ఇంగ్లీషులో ‘గై’ అనే మాటకు అర్థమేమిటి? అది ఎలా పుట్టింది?

ఇంగ్లీషు వాడుకభాషలో ‘గై’ అంటే మగవాడు, ‘ఫలానా మనిషి’ అని అర్థం. ‘యూ గైస్’ అన్నప్పుడు మాత్రం ఆడవాళ్లూ అందులో చేరిపోతారు. విచిత్రమేమిటంటే, ఇది మొదట ఒక వ్యక్తి పేరు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌ను పార్లమెంటు భవనంతో సహా పేల్చివేయాలని కుట్ర పన్నిన క్యాథలిక్కులలో ఒకడైన గై ఫాక్స్, ఆ భవనం అడుగున దాచిన 36 పీపాల తుపాకిమందుకు కాపలా ఉంటూ, 1605 నవంబరు 5న తెల్లవారకముందే పట్టుబడ్డాడు. మరుసటి జనవరిలో అతనికి మరణశిక్ష అమలు చేశారు.

రాజు బతికి బయటపడినందుకు ఏటా ఆ రోజున మంటలు వేసే ఆచారం మొదలైంది. కాలక్రమంలో ఫాక్స్ బొమ్మకు చింకిగుడ్డలు తొడిగి, వీధుల్లో తిప్పి, ఆ మంటల్లో కాల్చసాగారు. ఆ బొమ్మకే ‘గై’ అని పేరు. దానివల్ల 19వ శతాబ్దంలో వికారంగా దుస్తులు వేసుకున్నవాడిని ‘గై’ అని వెక్కిరించేవారు. ఆ ఎగతాళి అమెరికాలో పూర్తిగా అరిగిపోయి, ఏ మగవాడికైనా వర్తించే మామూలు మాటగా మిగిలింది. బ్రిటన్‌లో బొమ్మ అనే అర్థం నేటికీ ఉంది.

గుడారాన్ని బిగించి కట్టే తాడునూ ‘గై’ అంటారు గానీ, దాని పుట్టుక వేరు. ఫాక్స్‌తో దానికి సంబంధం లేదు.