హార్డ్‌వేర్ వారంటీ అయిపోయినా బిల్డర్ బాధ్యత ఉంటుంది

ప్రశ్న: మేము ఫ్లాట్ కొని తాళాలు తీసుకుని మూడున్నరేళ్లయింది. అన్ని గదులకూ డబుల్ గ్లేజ్డ్ (రెండు పొరల గ్లాసు) యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, బాల్కనీకి అదే రకం తలుపు బిల్డరే పెట్టించాడు. ఏడాదిగా బాల్కనీ తలుపు సరిగ్గా లాక్ పడటం లేదు. హ్యాండిల్ పైకి లాగి, భుజంతో నెడితే గానీ తాళం చెవి తిరగదు. బెడ్‌రూమ్ కిటికీ హింజ్ తుప్పు పట్టి రెక్క ఒక పక్కకు వాలిపోయింది. ఇంకో కిటికీలో రెండు గ్లాసుల మధ్య ఆవిరి పడుతోంది. బిల్డర్‌ని అడిగితే కంపెనీని అడగమంటాడు. కంపెనీ వాళ్లేమో ‘ప్రొఫైల్‌కు (ఫ్రేమ్, రెక్కల ప్లాస్టిక్ భాగానికి) పదేళ్లు, హార్డ్‌వేర్‌కు (లాక్, హింజ్‌ల వంటివాటికి) ఏడాదే వారంటీ. ఆ మోడల్ లాక్ ఇప్పుడు రావడం లేదు, తలుపు మొత్తం మార్చుకోండి’ అంటున్నారు. బయటి మెకానిక్‌తో చేయిస్తే మా హక్కు పోతుందా? ఎవరిని పట్టుకోవాలి?

జవాబు: పట్టుకోవలసింది బిల్డర్‌ని. కంపెనీ వారంటీ కార్డు చూపించి ఆయన తప్పించుకోలేడు.

మనం రెరా అని పిలిచే 2016 నాటి రియల్ ఎస్టేట్ (నియంత్రణ, అభివృద్ధి) చట్టంలో సెక్షన్ 14(3) చదవండి. ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం ఉందని కొనుగోలుదారు తెలియజేస్తే, బిల్డర్ అదనంగా డబ్బు అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడిగే హక్కు మీకు వస్తుంది. ఈ ఐదేళ్లు గోడలకు, స్లాబుకు మాత్రమేనని చాలామంది అనుకుంటారు, బిల్డర్లు కూడా అలాగే చెబుతారు. చట్టంలో అలా లేదు. పనితనం, నాణ్యత అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. మీ అగ్రిమెంట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తీసి చూడండి. కిటికీలు, తలుపుల గురించి అక్కడ రాసి ఉంటే మీ వాదన ఇంకా గట్టిపడుతుంది.

ప్రొఫైల్‌కు పదేళ్లు, హార్డ్‌వేర్‌కు ఏడాది అనేది ఆ సరుకు అమ్మిన కంపెనీ పెట్టుకున్న షరతు. కంపెనీ దగ్గర సరుకు కొన్నది బిల్డర్, మీరు కాదు. మీరు కొన్నది కిటికీలు, తలుపులు సరిగ్గా పనిచేసే ఫ్లాట్. చట్టం మీకిచ్చిన ఐదేళ్లను ఆ కార్డు ఏడాదికి కుదించలేదు. వారంటీ అయిపోయాక కంపెనీ బిల్డర్‌కి ఉచితంగా చేసిపెడుతుందా, డబ్బు తీసుకుంటుందా అన్నది వాళ్లిద్దరూ తేల్చుకోవలసిన సంగతి.

అయితే బిల్డర్ తరఫు వకీలు ఏం వాదిస్తాడో ఇప్పుడే ఊహించవచ్చు. ‘వాడకంలో అరిగిపోయింది, మీరే మొరటుగా వాడారు, నూనె వేయలేదు’ అంటాడు. లోపం ఉందని చూపించవలసిన భారం ఫిర్యాదు చేసినవారిదే కాబట్టి మీరు ఈ విషయం మీద శ్రద్ధ పెట్టాలి. ఇలాంటి కేసులు చట్టం తెలియక ఓడిపోవడం కంటే, లోపం ఎక్కడుందో చూపలేక ఓడిపోవడమే ఎక్కువని నా అభిప్రాయం.

మీరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బాల్కనీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచి, హ్యాండిల్ పైకెత్తి తాళం తిప్పండి. తలుపు అంచున నిలువునా ఉన్న లోహపు పట్టీ మీది చిన్న పిన్నులు పైకీ కిందికీ కదులుతాయి. తెరిచి ఉన్నప్పుడు తాళం సులువుగా తిరిగి, మూస్తే మాత్రం బిగుసుకుపోతుంటే లాక్ బాగానే ఉందన్నమాట. తలుపు కిందికి వాలడం వల్ల ఆ పిన్నులు ఫ్రేమ్‌లో వాటికి ఎదురుగా ఉన్న గాళ్లలోకి సరిగ్గా పడటం లేదు. హింజ్ సర్దుబాటు తప్పినా, గ్లాసు కింద, పక్కన పెట్టే ప్యాకర్లు (చిన్న ప్లాస్టిక్ ముక్కలు) సరైన చోట పెట్టకపోయినా, ఫ్రేమ్ గోడలో వంకరగా కూర్చున్నా తలుపు ఇలాగే వాలుతుంది. డబుల్ గ్లేజింగ్‌లో గ్లాసు బరువు రెట్టింపు, ఆ బరువంతా హింజ్ ఉన్న మూల మీదికి సరిగ్గా పంచాల్సింది బిగించినవాళ్లే. వాలిన తలుపును రోజూ బలవంతంగా లాక్ చేస్తూ పోతే చివరికి లాక్‌ను కదిలించే లోపలి గేర్‌బాక్స్ విరుగుతుంది. అప్పుడు కంపెనీ మనిషి వచ్చి లాక్ పోయిందని, హార్డ్‌వేర్ వారంటీ లేదని రాసి వెళ్లిపోతాడు. అసలు కారణం బిగింపులో ఉంది. అంటే పనితనపు లోపం.

ఈ పరీక్షను ఫోన్‌లో వీడియో తీయండి. తలుపు తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి, ఆపకుండా ఒకే వీడియోగా తీయడం మంచిది. హ్యాండిల్ వైపు తలుపుకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు పైన ఎంత, కింద ఎంత అని స్కేలు పెట్టి ఫొటో తీయండి. కింది ఫ్రేమ్ మీద రాపిడి గీతలుంటే దగ్గరగా తీయండి. తలుపు తెరిచినా లాక్ బిగుసుకుంటుంటే గేర్‌బాక్స్ పాడైనట్టే. అలాంటప్పుడు వాదన పనితనం మీద కాకుండా నాణ్యత మీద ఉండాలి, లేదా వాలడం వల్లే విరిగిందని చెప్పాలి. తుప్పు పట్టిన హింజ్ విషయంలో అగ్రిమెంట్‌లో గానీ, బ్రోషర్‌లో గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాశారేమో వెతకండి. రాసి ఉంటే పెద్దగా వాదించే పనే ఉండదు.

గ్లాసుల మధ్య ఆవిరి వేరే సమస్య. రెండు గ్లాసుల చుట్టూ ఉండే సీలు దెబ్బతిని తేమ లోపలికి వెళ్లింది. దానికి ఫ్రేమ్ మార్చనక్కరలేదు, ఆ గ్లాసు యూనిట్ ఒక్కటీ మారిస్తే చాలు. నోటీసులో దీన్ని విడిగా రాయండి, హింజ్‌లతో కలిపేయకండి.

హ్యాండిల్ స్క్రూలు వదులవడం, స్ప్రింగ్ సడలడం లాంటివి నిజంగా వాడకంలో వచ్చేవే. వాటిని కూడా జాబితాలో చేర్చి పెద్దది చేస్తే మిగతా నిజమైన లోపాల బలం తగ్గుతుంది. అవి మీరే బాగు చేయించుకోవడం మేలు.

ఇక ‘లాక్ రావడం లేదు, తలుపు మొత్తం మార్చాలి’ అన్న మాట. దీన్ని నోటిమాటగా నమ్మకండి. కిటికీ కంపెనీలు సాధారణంగా ఫ్రేములు చేస్తాయి, లాకులు, హింజ్‌లు వేరే తయారీదారుల నుంచి కొంటాయి. లాక్ పట్టీ మీద తయారీదారు పేరో, గుర్తో చెక్కి ఉంటుంది, ఫొటో తీయండి. హ్యాండిల్ కడ్డీ (హ్యాండిల్ నుంచి లాక్‌లోకి దూరే ఇరుసు) మధ్య నుంచి తాళం చెవి రంధ్రం మధ్య వరకు దూరం, పట్టీ వెడల్పు, తలుపు అంచు నుంచి కడ్డీ మధ్య వరకు లోతు, ఈ మూడూ కలిస్తే వేరే తయారీ లాక్ కూడా తరచుగా సరిపోతుంది. ఏ భాగం దొరకడం లేదో, దానికి బదులు ఏది పెట్టవచ్చో రాతపూర్వకంగా చెప్పమని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. రాసివ్వకపోతే ఆ సంగతి కూడా మీకే పనికొస్తుంది. నిజంగానే దొరకదని తేలితే తలుపు మార్చాల్సిందే, కానీ ఐదేళ్లలోపు తెలియజేసిన లోపానికి ఆ ఖర్చు మీది కాదు.

బయటి మెకానిక్‌ని పిలిస్తే హక్కు పోతుందా అని అడిగారు. పోదు, కానీ వరస తప్పకూడదు. ముందు ఫొటోలు, వీడియోలు తీయాలి, తర్వాత రాతలో తెలియజేయాలి, ఆ తర్వాతే మెకానిక్. మీరు చెప్పిన వాటిలో నాకు ఎక్కువ భయం కలిగించింది వాలిపోయిన బెడ్‌రూమ్ కిటికీ రెక్క. పై అంతస్తు అయితే అది ఊడి కింద నడిచేవాళ్ల మీద పడవచ్చు. పడితే, తెలిసీ ఊరుకున్నందుకు పరిహారం బాధ్యత మీ మీదికీ వస్తుంది. 30 రోజులు ఆగకండి. ఈరోజే ఫొటోలు తీసి, బిల్డర్‌కి ఈమెయిల్ పెట్టి, ఆ రెక్క తెరుచుకోకుండా బిగించేయండి. బాల్కనీ తలుపు రాత్రి తాళం పడకపోతే తాత్కాలికంగా ఒక గడియ పెట్టించుకోండి. జరిగే నష్టాన్ని పెరగకుండా చూసుకోవడం నష్టపోయినవారి బాధ్యత కూడా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణలో ఆ సూత్రం ఉంది. కాబట్టి అత్యవసరంగా పెట్టిన ఖర్చును తర్వాత అడగవచ్చు. మెకానిక్ దగ్గర ఏం చేశాడో రాసిన బిల్లు తీసుకోండి. విప్పిన హింజ్, విరిగిన లాక్ అతనితో పంపేయకండి. తేదీ, గది పేరు రాసిన కవర్లో పెట్టి దాచండి. తుప్పు పట్టిన ఆ ముక్క చెప్పినంత బలంగా ఏ ఫొటో చెప్పదు.

నోటీసు మీరే రాయవచ్చు. ఫ్లాట్ నంబరు, స్వాధీనం తేదీ, ఏ గదిలో ఏ లోపం, ఎప్పటి నుంచి, ఇప్పటిదాకా ఎవరెవరికి చెప్పారు అన్నవి రాసి, సెక్షన్ 14(3) ప్రకారం 30 రోజుల్లో సరిచేయమని అడగండి. స్పీడ్ పోస్టులో పంపి, అదే ఈమెయిల్‌లోనూ పంపండి. ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడినా అది లెక్కలోకి రావడం కష్టం. బిల్డర్ మనిషి చూసి వెళ్లినా, ‘మీరు ఫలానా తేదీన వచ్చి చూశారు’ అని ఒక మెసేజ్ పెట్టండి. ఆ వాట్సాప్ సంభాషణ తొలగించకండి, ఫోన్ మార్చేటప్పుడు భద్రపరచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది.

నోటీసుకు స్పందన లేకపోతే రెరా అథారిటీకి వెళ్లాలా, వినియోగదారుల కమిషన్‌కా? రెండు దారులూ ఉన్నాయని సుప్రీంకోర్టు 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో చెప్పింది. ఒకే ఉపశమనం కోసం రెండు చోట్లా తిరగకండి, ఏదో ఒకటి ఎంచుకోండి. మీ విషయంలో నేను రెరానే ఎంచుకోమంటాను. వినియోగదారుల చట్టంలో ఏ కమిషన్ అన్నది మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. బిల్డర్ మీద వేస్తే లాక్ ధర కాదు, ఫ్లాట్ ధర చూస్తారు. అది 50 లక్షలు దాటి రెండు కోట్లు మించకపోతే జిల్లా కమిషన్‌లో కాకుండా రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. పైగా అక్కడ సెక్షన్ 69 కింద కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు. మీకు ఇబ్బంది మొదలై ఇప్పటికే ఏడాది. ఉత్తరాలు రాసినంత మాత్రాన ఆ గడువు పెరగదు.

రెరాలో ఒక మెలిక గుర్తుంచుకోండి. లోపం సరిచేయమని ఆదేశం అథారిటీ ఇస్తుంది, నష్టపరిహారం నిర్ణయించేది అడ్జుడికేటింగ్ ఆఫీసర్. దరఖాస్తులు వేర్వేరు. ముందు బాగు చేయించుకోవడం ముఖ్యమైతే మొదటిదే వేయండి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఎనిమిది ఫ్లాట్లలోపు ప్రాజెక్టు అయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి, మీ ప్రాజెక్టు రిజిస్టర్ అయిందో లేదో రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. అయి ఉండకపోతే వినియోగదారుల కమిషనే సులువైన దారి.

ఇదే సమస్యతో, కిటికీలు కంపెనీ దగ్గర నేరుగా కొని బిగించుకున్నవారు కూడా రాస్తుంటారు. వారికి ఐదేళ్ల నియమం వర్తించదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం. సరుకులో లోపం ఒకటి, బిగింపు సేవలో లోపం ఇంకొకటి. హార్డ్‌వేర్ వారంటీ అయిపోయినా బిగింపు తప్పని చూపగలిగితే రెండో వాదన మిగిలే ఉంటుంది, ఆ రెండేళ్ల గడువు లోపు అయితే. చెల్లించినది 5 లక్షల్లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరున్న జిల్లాలోనే వేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. కేసు వేశాక మాత్రం తలుపును నిపుణుడితో చూపించి నివేదిక తెప్పించమని కమిషన్‌ను కోరడం మరచిపోకండి.

అద్దెకున్నవారికి లెక్క వేరు. మరమ్మతు ఎవరిదన్నది అద్దె ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఇంటి యజమాని చేయాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయకపోతే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఎఫ్) కింద మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. నోటీసు ఇవ్వకుండా అద్దె తగ్గించి కట్టకండి, అది బకాయిగా మీ మీదికే వస్తుంది.