ఆరిజోనా గిల్బర్ట్‌లో కొత్త ఇల్లు, తేళ్ళ కాలం: అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. న్యూజెర్సీ నుంచి సామాన్లు దిగాయని, కొత్తింట్లో పాలు పొంగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. బాత్రూమ్‌లో తేలు కనబడ్డ దగ్గర్నుంచి నీకు కంటి మీద కునుకు లేదని కూడా చెప్పింది. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఆ టెన్షన్ ఉంటుంది మరి. నేను ఇద్దరు పిల్లల్ని ఈ ఫీనిక్స్ ఎండల్లోనే పెంచాను కాబట్టి, ఏం చేస్తే పనవుతుందో, ఏది డబ్బు దండగో రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఈ ఎడారిలో పురుగులు ఇళ్ళ దగ్గరికి చేరేది ముఖ్యంగా నీళ్ళ కోసం, నీడ కోసం. జూన్‌లో బయట 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ మండుతుంటే మొక్కలకు పెట్టిన డ్రిప్ దగ్గర, ఏసీ నీళ్ళు కారే చోట నేల తడిగా ఉంటుంది. కీచురాళ్ళు, బొద్దింకలు అక్కడికి వస్తాయి. వాటిని తినడానికి తేలు వస్తుంది. బొద్దింక చచ్చినంత తేలిగ్గా తేలు స్ప్రేకి చావదు. మందు కొట్టించు, వద్దనను. కానీ దానివల్ల తగ్గేది తేలు తిండి. రెండుసార్లు కొడితే తేళ్ళన్నీ పోతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకు. ఆ డబ్బులో సగం పెట్టి సందులు మూయించుకో.

మీ ఇంట్లో కనబడ్డది బార్క్ తేలే అయి ఉంటుంది. లేత గోధుమరంగు, సన్నటి తోక, మూడంగుళాలకు మించదు. అంగుళంలో పదహారో వంతు సందు చాలు, లోపలికి దూరిపోతుంది. గరుకు గోడ ఎక్కుతుంది, సీలింగ్‌కి తలకిందులుగా వేలాడుతుంది. గాజు, నున్నటి ప్లాస్టిక్ మాత్రం ఎక్కలేదు. అందుకే బిడ్డ క్రిబ్ నాలుగు కాళ్ళూ నాలుగు గాజు సీసాల్లో పెట్టు. సీసాలు మందంగా, కదలకుండా ఉండాలి. క్రిబ్‌ని గోడకు దూరంగా జరుపు, దుప్పటి కొసలు నేలకు తగలనివ్వకు. మీ మంచానికీ అంతే. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు అలవాటుకొద్దీ కింద చాప వేసుకుంటామంటారు, ఒప్పుకోకు.

అల్లుడు గారికి చెప్పు, పగలు గరాజ్‌లో లైటు ఆర్పి నిలబడి తలుపు కింద చూడమను. వెలుగు గీత కనబడిన ప్రతిచోటా డోర్ స్వీప్, అంటే తలుపు అడుగు సందు మూసే పట్టీ, వేయించాలి. సింకుల కింద పైపులు గోడలోకి పోయే చోట సందులు పూడ్చే కాల్క్ పేస్టు పట్టించండి. బయట స్టకో (సిమెంటు పూత) గోడ అడుగున, నేలకు కాస్త పైన ఒక రేకు అంచు, దాని కింద సన్నటి ఖాళీ ఉంటాయి. దాన్ని మాత్రం కాల్క్‌తో మూసేయకండి. గోడలో తడి బయటికి పోయే దారి అది.

ఇక రాత్రి వేట. ఒక యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. చీకటి పడ్డాక ఒక గంట ఆగి, బూట్లు వేసుకుని, పెరటి చుట్టూ ఉన్న సిమెంటు బ్లాకుల గోడ వెంట నడుస్తూ వెలుగు వేయండి. అంతవరకూ ఏమీ కనబడని గోడ మీద పచ్చగా మెరుస్తూ తేలు బయటపడుతుంది, తోక పక్కకు చుట్టుకుని. పొడవాటి పట్టకారుతో పట్టి, అడుగున కాస్త రబ్బింగ్ ఆల్కహాల్ పోసిన గాజు సీసాలో వేసేయడమే. వేసవి రాత్రుల్లో వారానికి రెండుసార్లు చేస్తే గోడ మీద లెక్క తగ్గడం మీకే తెలుస్తుంది. ఇంతకు మించిన మందు నేను చూడలేదు. పనిలో పనిగా నీ కరివేపాకు కుండీలు ఎత్తి చూడండి, వాటి కింద తడికి తేళ్ళు నక్కుతాయి. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకు. వానాకాలంలో అక్కడే దోమలు పుడతాయి. 2021లో ఈ మారికోపా కౌంటీలోనే వెస్ట్ నైల్ జ్వరాలు విపరీతంగా వచ్చాయి.

ప్యాషియో కుర్చీల అడుగున చెయ్యి పెట్టే ముందు వంగి చూడు. చిక్కుపడినట్టు, లాగితే తేలిగ్గా తెగనంత గట్టిగా సాలెగూడు ఉంటే బ్లాక్ విడో అనే విషపు సాలీడు ఉన్నట్టే. చెప్పులు గరాజ్‌లో వదిలే అలవాటు మనకు ఎలాగూ పోదు. వేసుకునే ముందు దులుపు.

తేలు కుడితే కంగారుపడకు. మన ఊళ్ళలో ఎర్ర తేలు విషం గుండె మీద పనిచేస్తుంది, దీని విషం నరాల మీద. పెద్దవాళ్ళకైతే మంట, తిమ్మిరి, జివ్వుమనే పోటు ఉంటాయి. సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేసి, విషాల విషయంలో సలహా చెప్పే పాయిజన్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి: 1-800-222-1222. పగలూ రాత్రీ పలుకుతారు. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించు. కట్టు బిగించడం, కోయడం లాంటివి వద్దు. పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ. కళ్ళు అటూఇటూ తిరుగుతున్నా, చొంగ కారుతున్నా, కాళ్ళూ చేతులూ ఎగిరిపడుతున్నా, ఊపిరి కష్టమవుతున్నా క్షణం ఆగకుండా 911కి చెయ్యి. 2011లో అనుమతి వచ్చిన విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రుల్లో ఇస్తున్నారు, బాగా పనిచేస్తుంది.

బొద్దింకల సంగతి చిన్నది. ఇక్కడి పెద్దవి డ్రైనేజీలోంచి వస్తాయి. వాడని బాత్రూమ్‌లో పైపు వంపులోని నీళ్ళు ఈ ఎండలకు ఆవిరైపోతే వాటికి దారి దొరుకుతుంది. వారానికోసారి నీళ్ళు పొయ్యి. ఇండియా వెళ్ళేటప్పుడు నీళ్ళు పోసి, పైన చెంచాడు నూనె వెయ్యి. త్వరగా ఎండిపోదు. గరాజ్ సీలింగ్ నుంచి స్ట్రా లాంటి మట్టి గొట్టం వేలాడితే అవి చెదలు, ఆలస్యం చేయకుండా మనిషిని పిలిపించు.

మీ అమ్మ సూట్‌కేసులో చీమల చాక్‌పీసులు, కలరా ఉండలు సర్దుతుంది, నాకు తెలుసు. వద్దని గట్టిగా చెప్పు. ఆ చాక్‌పీసులు ఇక్కడ నిషేధం, పైగా అందులో ఉండేది పురుగుమందు. పాకే బిడ్డ ఆ గీత మీద చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటుంది.

శనివారం రాత్రి మీ పెదనాన్న, నేను వస్తాం. టార్చి, పట్టకారు తెస్తాం. ఆ బ్లాకుల గోడ పక్కన పేర్చిన అట్టపెట్టెలు ఈలోగా తీయించెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ