పావుస్వరాలు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. హంగరీ స్వరకర్త బార్తోక్ ఒక్క వయొలిన్ కోసమే రాసిన సోలో సొనాటా మీద తెలుగులో రాయాలని నీకు తోచినందుకు సంతోషం. కానీ మొదటి పేజీలోనే 'అలౌకిక వేదన' మూడుసార్లు వచ్చింది. మూడోసారికి కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను.

నిజమే, ఆయన జబ్బు మనిషి. హంగరీ వదిలి అమెరికా వచ్చాడు, డబ్బుకు కటకట, పైగా రక్త కేన్సర్. 1943 చివర్లో వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్ ఈ సొనాటా రాయమని అడిగితే, ఆష్‌విల్‌లో ఉండి 1944 మార్చికల్లా పూర్తిచేశాడు. మరుసటేడు సెప్టెంబరులో పోయాడు. ఇదంతా రెండు పేజీల నిండా రాశావు. వయొలిన్ మాత్రం మూడో పేజీ దాకా మోగలేదు! రోగం చూపించి ఏడిపించడం సులువమ్మా. వేళ్లు ఏం చేస్తున్నాయో చెప్పు. రెండో భాగం ఫ్యూగ్ ఉంది కదా. ఒక గొంతు ఎత్తుకున్నది ఇంకో గొంతు అందుకోవాలి, అది సాగుతుండగానే మరొకటి. ఉన్నది నాలుగు తీగలు, ఒక్క కమాను. తీగల్ని ఎత్తిపట్టే చెక్క, బ్రిడ్జి, వంపుగా ఉంటుంది కాబట్టి నాలుగు తీగల్నీ కలిపి పట్టి నిలపడం కుదరదు. కింది రెండూ లాగి పై రెంటి మీదికి దొర్లాలి. ఆ దొర్లడంలో ఒక గరగర ఉంటుంది. నీ వ్యాసంలో నేను వెతికింది దానికోసమే.

చివరి భాగం ప్రెస్టో సంగతి చూడు. అందులో ఆయన పావుస్వరాలు రాశాడు. హార్మోనియంలో పక్కపక్క మెట్ల సందులో ఇరుక్కునే స్వరాలన్నమాట. కష్టమైతే ఇలా వాయించుకోమని మామూలు స్వరాల్లోనూ రాసిచ్చాడు. మెనూహిన్ వాటినే తీసుకున్నాడు. 1944 నవంబరు 26న కార్నెగీ హాల్లో వినిపించిందీ, 1947లో అచ్చయిందీ అవే. అసలు పాఠం అచ్చులోకి రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే వ్యాసమంతా దీనిమీదే రాసేదాన్ని.

ఎందుకంటే ఆ దెబ్బ నేనూ తిన్నాను. నా తొలి కథలో మా అమ్మమ్మ "ఏటి సేత్తాం, బతకాలి గదేటి" అంటుంది. అచ్చులో "ఏం చేస్తాం, బతకాలి కదా" అని వచ్చింది. పాఠకులకు అర్థం కాదని సంపాదకుడు దిద్దేశాడు. పత్రిక పట్టుకెళ్లి అమ్మమ్మకు చదివి వినిపిస్తే, చివరిదాకా విని "ఈవిడెవులే?" అంది. ఆర్నెల్లు కలం పట్టలేదు నేను. బార్తోక్ తన చేత్తోనే రెండో దారి రాసిచ్చాడు, నన్ను అడిగిన వాళ్లు కూడా లేరు. ఇప్పుడూ అంతే, 'న్యూట్రల్ భాష' అని కొత్త పేరు పెట్టి అదే రంపం పడుతున్నారు.

ఇంత కోపం నీమీదెందుకంటే, నీ పని నువ్వే దిద్దేసుకున్నావు. వ్యాసంతో పంపిన ఉత్తరంలో ఏం రాశావు? "వానాకాలం వస్తే మా తాత ఫిడేలు గొంతు బొంగురుపోయేది, పొయ్యిగట్టు మీద పెట్టి కాస్త వేడి చూపించేవాడు" అన్నావు. ప్రెస్టో మొదట్లో మ్యూట్, అదే గొంతు అణిచే బిళ్ల, తగిలించిన వయొలిన్ విను, ఆ బొంగురు నీకు వెంటనే తెలుస్తుంది. అంత చెవి ఉన్న పిల్లవి, దాన్ని ఉత్తరంలో వదిలేసి వ్యాసంలో 'అలౌకిక' పెడతావా?

వ్యాసం తిరిగి పంపుతున్నాను. నీ ఉత్తరం కూడా అందులోనే పెట్టాను. తాత ఫిడేలు వాక్యం కింద పెన్సిల్ గీత ఉంటుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.