బెంగళూరు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కు బీఎండబ్ల్యూ ఎక్స్7 నయమా, మెర్సిడెస్ జీఎల్‌ఎస్ నయమా?

స్లాట్ వెడల్పు 2.5 మీటర్లై, రెండు వైపులా పిల్లర్లుంటే రెండూ ఇబ్బందే. జీఎల్‌ఎస్ కొద్దిగా నయం. ఎక్స్7 వెడల్పు 2 మీటర్లు, జీఎల్‌ఎస్‌ది 1.956. అంటే తేడా నాలుగున్నర సెంటీమీటర్లు కూడా లేదు.

ఎక్స్7ను మధ్యలో ఆపితే డ్రైవర్ వైపు మిగిలేది 25 సెంటీమీటర్లు. అంత మందమైన డోరు తీసుకుని పెద్దవాళ్లెవరూ దిగలేరు. ఎడమ పిల్లర్‌కు ఆనించినట్టు పెట్టి, మిగతావాళ్లను ముందే దించేయాల్సిందే.

చాలామంది బ్రోచర్‌లోని వెడల్పునే లెక్కేసుకుంటారు. అందులో సైడు అద్దాలుండవు. కలిపితే రెండూ 2.1 మీటర్లు దాటతాయి. ర్యాంపు మలుపులో గీతలు పడేది అక్కడే.

స్టాక్ పార్కింగైతే (లిఫ్టుతో కార్లను ఒకదానిపై ఒకటి నిలిపేదైతే) దాని బరువు పరిమితి తప్పక చూడండి, ఇవి దాదాపు రెండున్నర టన్నుల బళ్లు. అడ్వాన్సు ఇవ్వకముందే టెస్ట్ డ్రైవ్ బండిని మీ బేస్‌మెంట్‌కే తెప్పించండి.